పై అరలోని జాడీ

హంసవాహినియై గ్రంథహస్తయైన
తల్లి! పూఁతలకడుగున దాఁగియున్న
సత్యమున్ గాంచు చూపును జాల నిమ్ము
మాట తడబడకుండెడు మనసుతోడ.

మాండలేలో ఆ తల్లికి తూయతాడి అని పేరు. ధర్మగ్రంథాలకు ఆమెయే కావలి. గ్రంథపు పెట్టె కథ చెప్పబోతూ ఆమెకు మ్రొక్కకుండా నోరు విప్పడం తగదు.

గడచిన భాగం ఒక్క మాట దగ్గర ఆగింది. తంపవడి పేటలో, ఊ చాన్ థా పనిశాలలో, పూర్తయిన పెట్టె ముందు మఠపు ధర్మకర్త ఊ లూన్ పే మోకరిల్లి ఉన్నాడు. రెండు మ్రొక్కులు అయినవి. మూడవదానికి నుదురు నేలకు ఆనించబోతుండగా మ్యా యీ "మొక్కకండి" అన్నది.

అంతకు ముందరి సంగతి ఇది. మఠాధిపతి అయిన పెద్ద సయాడో నిర్యాణం చెందిన తరువాత, వారి చితాభస్మంలో కొంత తీసి బూడిదా చెట్టుపాలూ దంచి తీసే తయో ముద్దలో కలిపించి, ఆ ముద్దతో గ్రంథపు పెట్టెమీద ఉబ్బెత్తు బొమ్మలు దిద్దించాలని మఠంవారు నిశ్చయించారు. ఆ పని, అందరూ సయా, అంటే గురువు, అని పిలిచే ఊ చాన్ థా చేతనే కావాలన్నారు; అటువంటి భస్మాన్ని ఆడవారు ముట్టరాదు. ఆయన సరేనన్నాడు. ఆయన కళ్ళకు రెండేళ్ళుగా పొర కమ్మిందనీ, వ్రేళ్ళు వణుకుతున్నవనీ, ఆ ఇంట పని అంతా ఆయన తమ్ముడి కూతురు మ్యా యీ చేతులమీదుగా జరుగుతున్నదనీ ఇంటి బయట ఎవరికీ తెలియదు. మరునాడు ఉదయం పెట్టె బంగారు రేకు అతికేవారి దగ్గరకు పోవాలి. రేకు పడిన తరువాత ఆ ముద్దలో ఏమున్నదో తేల్చడం మానవమాత్రుల వల్ల కాదు.

"ఏమన్నావ్?" అన్నాడు ఊ లూన్ పే తల ఎత్తకుండానే. ఆయన బొద్దైన మనిషి. ఒకసారి వంగితే లేవడానికి కొంత వ్యవధి కావాలి.

"మొక్కకండి బాబాయ్ గారూ. అందులో సయాడో గారు లేరు."

"లేకపోతే ఎక్కడికెళ్ళారు? పగోడా చూడ్డానికా?"

"పై అరలో ఉన్నారు. జాడీలో. నేను ముట్టుకోలేదు. పెట్టె మీదున్నది కింద మూలనున్న జాడీలోని ఊక బూడిద."

ఊ లూన్ పే లేచి కూర్చున్నాడు. ముందు పెట్టెను చూశాడు. తరువాత ఆమెను చూశాడు. ఆ మీదట గోడకు ఆనుకొని వెలిగించని చుట్టను వ్రేళ్ళమధ్య త్రిప్పుకుంటున్న ఊ చాన్ థా వైపు తిరిగాడు. ఆయన ముఖంలో మార్పు ఏమీ లేదు.

"నేను ముట్టుకోలేదు అంటుందేంటి సయా? ఈ అమ్మాయెందుకు ముట్టుకుంటుంది? పని చేసింది మీరు కదా?"

"కాదు," అన్నాడు ఊ చాన్ థా. "అదే చేసింది. నా కళ్ళకి నువ్వు కూడా ఇప్పుడో మూటలాగే కనిపిస్తున్నావ్."

ఒక్క నిమిషంలో రెండు దెబ్బలు తగిలినవి. ఏది ముందు పట్టించుకోవాలో ధర్మకర్తకు తెలియలేదు. చివరకు ఊకనే పట్టుకున్నాడు.

"బొమ్మలు పూర్తయిన దగ్గర్నుంచీ, మూడు వారాలుగా రోజూ వస్తున్నా. రోజూ మూడేసి సార్లు మొక్కుతున్నా. ఊకకా? మా ఆవిడ మొన్న మల్లెపూలు తెచ్చి పెట్టింది. ఊకకా? మా మిల్లు వెనకాల కొండంత పడుంది ఊక! మొక్కాలంటే అక్కడే మొక్కేవాణ్ణి కదా, ఈ మోకాళ్ళతో ఇంత దూరం నడిచి రావడం దేనికి?"

అప్పటి ఆ పెట్టెను చూసినవారికి అది ఊక అని తోచదు. టేకు పలకలమీద మొదట చెట్టుపాలలో ముతక బూడిద కలిపి ఒక పూత. ఆ చెట్టును ఇక్కడ తిస్సీ అంటారు. దాని పాలు ఎండకు ఆరవు, చెమ్మకు ఆరుతాయి. అందుచేత ప్రతి పూత తరువాత పలకలను నేలమాళిగలోకి దింపి వారం రోజులుంచాలి. పైకి తెచ్చి, నీళ్ళు చల్లి, రాతితో అరగదీసి, అంతకంటె మెత్తని పూత వేయాలి. అలా ఏడు పూతలు వేసిన మీదట, మెత్తని బూడిద, చెట్టుపాలు కలిపి రోకలితో దంచి తీసిన ముద్దను పలకమీద దొర్లించి, వెంట్రుకవంటి తీగలుగా సాగదీసి, ఒక్కొక్క తీగనూ పుల్లతో నొక్కుతూ బొమ్మ కట్టాలి. మ్యా యీ నాలుగు నెలలు అదే చేసింది. మూత చుట్టూ తామర తీగ. నాలుగు పక్కలా అడవి, అడవిలో జింకలు, ఒక ఏనుగు, చెట్టుక్రింద ధర్మం వింటున్న భిక్షువులు. భిక్షువుల చీవరాల మడతలలో ఆవగింజంత అద్దపు ముక్కలు. అన్నిటిమీదా నల్లని పూత. బంగారం ఒక్కటే తరువాయి.

"ఎందుకు చేశావే ఇలాంటి పని?" అన్నాడు ఊ లూన్ పే.

"సయాడో గారు బతికున్నప్పుడు ఆయన నీడ మీద కాలు పడకుండా పక్కకి తప్పుకునేదాన్ని. పోయారు కదా అని పిండిలా పిసకమంటారా?"

ధర్మకర్త తలపాగా సర్దుకున్నాడు. పిసికి ఉంటే మొదట నిందించేవాడు ఆయనే.

"మరి మాకు చెప్పొచ్చు కదా?"

"చెబితే పెదనాన్న కళ్ళ సంగతి బయటపడేది."

"ఇప్పుడు పడలేదా?"

"పడింది. ఏం చెయ్యను? మీరు ఒక్కరే మొక్కుతుంటే ఎలాగో కళ్ళు మూసుకున్నాను. రేపు బంగారం పడితే ఊరంతా మొక్కుతుంది. సయాడో గారేమో అక్కడ, సాలెగూళ్ళ మధ్య, ఒంటరిగా. నాకు అన్నం దిగడం లేదు బాబాయ్ గారూ."

ఆమె ఏడవలేదు. కడుపులోనిది చెప్పివేసిన మనుషులకుండే ఒక విధమైన అలసట మాత్రం ఆమె భుజాలలో కనిపించింది.

ఊ లూన్ పే ఆలోచించవలసిన చోట ఆలోచించే మనిషి కాడు. ఏదో ఒకటి చేస్తేనే ఆయనకు ఊపిరి ఆడుతుంది. చాపమీద ఉన్న వంకర కత్తి అందుకున్నాడు. పూతలు గీకే కత్తి అది.

"గీకేస్తాను. మొత్తం గీకేస్తాను. నున్నటి పెట్టైనా పంపుతాను గానీ ఊకని మఠంలోకి రానివ్వను. మళ్ళీ మొదట్నుంచీ చేయిద్దాం, మగ చేతులతో."

"బాబాయ్ గారూ..."

"నువ్వు మాట్లాడకు."

కత్తి మొన ఏనుగు చెవి క్రింద దూరింది. బాగా ఆరిన తయో రాయివంటిది. అయినా అంచులో ఎక్కడో పట్టు దొరికి, టక్కుమని చిన్న చప్పుడైంది. గోరంత నల్లని ముక్క విడివడి కత్తి అలుగుమీద నిలిచింది.

"లూన్ పే," అన్నాడు ఊ చాన్ థా. అంతవరకు ఎన్నడూ ఆయనను ఒట్టి పేరుతో పిలిచినవాడు కాడు. "చెయ్యి కదపకు. ఊపిరి కూడా గట్టిగా వదలకు."

"ఏం?"

"నీ కత్తి మీద ఉన్నది సయాడో గారు."

బయట పక్కింటివారు శిలావిగ్రహానికి మెరుగు పెడుతున్న చప్పుడు వినిపిస్తున్నది.

"పెదనాన్నా, చెప్పాను కదా, నేను పై జాడీ ముట్టలేదు," అన్నది మ్యా యీ, చిన్నపిల్లకు నచ్చచెప్పినట్లుగా.

"ముట్టవని నాకు తెలుసే. ఏడేళ్ళ పిల్లగా ఈ ఇంటికొచ్చావ్. నువ్వు ఏది ముడతావో ఏది ముట్టవో నాకు తెలీదూ? అందుకే మార్చేశాను."

"ఏం మార్చావ్?"

"జాడీలు."

ఊ లూన్ పే కత్తిని రెండు చేతులా పట్టుకొని విగ్రహంలా కూర్చుండిపోయాడు. "సయా, నేను నా చేత్తో పోశాను భస్మం, పై అరలో ఉన్న జాడీలో. మీరు చూస్తుండగానే పోశాను."

"పోశావ్. నువ్వు వీధి మలుపు తిరిగాక నేను తీశాను. దించి చూసుకో."

జాడీ దించడానికి మ్యా యీ లేవబోయి, అలవాటుచొప్పున ఆగిపోయింది. ధర్మకర్త కత్తిని పీటమీద, పెట్టె కంటె ఎత్తుగా, జాగ్రత్తగా నిలిపి, తలపాగా విప్పి రెండు చేతులకూ చుట్టుకొని, తానే జాడీని దించాడు. మూతకు నుదురు తాకించి తెరిచాడు.

"వేలు పెట్టి చూడు," అన్నాడు ఊ చాన్ థా.

"ఫయా, బుద్ధదేవా! సయాడో గారిలో వేలు పెట్టమంటారా?"

"సయాడో గారిలో కాదయ్యా. ఊకలో."

ఊ లూన్ పే కళ్ళు మూసుకొని చిటికెడు తీశాడు. తెరిచి, కిటికీ వెలుతురులో చూశాడు. బియ్యపు మిల్లు యజమానికి ఆ వస్తువును గుర్తుపట్టడానికి రెండవ చూపు అవసరం లేదు. బాగా కాలి తెల్లబారిన ఊక. పడవ ఆకారం పోని పొట్టు ముక్కలు ఇంకా రెండు మూడు అందులో ఉన్నవి.

"అయితే కిందున్న జాడీలో..."

"ఆయనే. దీపపు మసి కలిపాను, రంగు చూసి పసిగట్టకుండా."

మ్యా యీ తన అరచేతులవైపు చూసుకున్నది. ఆ ముద్ద ఈసారి తెగలేదు. ప్రతిసారీ ఊక బూడిదతో పదిసార్లు తెగే తీగ, ఈసారి మూరెడు సాగినా తెగలేదు. ఆరిన తరువాత అంచులు రాలలేదు. ఆమె దానికి ఒక కారణం చెప్పుకున్నది. ఇన్నేళ్ళకు తన చేతులు పండినవి అనుకున్నది. ఎవరికీ చెప్పకుండా, ఆ నాలుగు నెలలూ, ఆ సంతోషంతోనే నిద్ర లేచింది.

ఇంకొకటి కూడా గుర్తుకు వచ్చింది. పెదనాన్న తెల్లవారగానే పై అరవైపు కాక, మూల నేలవైపు తిరిగి మ్రొక్కుతుండేవాడు. చూపు బొత్తిగా పోయింది కాబోలు, దిక్కు తెలియడంలేదు అనుకొని, జాలిపడి, ఒక రోజు భుజాలు పట్టి పైకి తిప్పింది కూడా. ఆయన మారు పలకకుండా తిరిగి, ఆమె వెళ్ళిన తరువాత మళ్ళీ క్రిందికే మ్రొక్కాడు.

"నేల మీద పెట్టావా?" అన్నది. "ఆయన్ని నేల మీద పెట్టావా? నేను పక్కనుంచి నడిచేదాన్ని. ఒకసారి తుడుస్తూ కాలితో జరిపాను కూడా!"

"ఆ తప్పు నాది. నీది కాదు. మనసులో తలంపు లేకపోతే కర్మ అంటదని సయాడో గారే కదా చెప్పేవారు? నీకు తెలీదు. కాబట్టి నీకు పాపం లేదు. తెలిసి చేసింది నేను. మోసేదీ నేనే. నా చేతులు పనికి రావు, నువ్వు తెలిసి చెయ్యవు, ఇంకొకరికి ఇస్తే వాళ్ళ తీగ వాన పాములా ఉంటుంది. ఏం చెయ్యమంటావ్?"

"బాగుంది," అన్నది మ్యా యీ. ఆ ఇంట ఆమె అంత నెమ్మదిగా మాట్లాడగా ఎవరూ విని ఉండరు. "పాపం అంటకుండా చూశావ్. మరి పుణ్యం?"

"ఏంటి?"

"తలంపు లేకపోతే పాపం లేదు. మరి తలంపు లేకపోతే పుణ్యం మాత్రం ఎక్కడిది? నాలుగు నెలలు పెదనాన్నా. సయాడో గారిని నా చేతులతో తీగ తీసి, ఆ చెట్టు కింద కూర్చోబెట్టాను. ఏం అనుకుంటూ చేశానో తెలుసా? ఊక అనుకుంటూ చేశాను. కూనిరాగాలు తీస్తూ చేశాను. ఒక్క రోజు, ఒక్క రోజంటే ఒక్క రోజు, తెలిసి చేసి ఉంటే..."

ఊ చాన్ థా చుట్టను నేలమీద పెట్టాడు. ఆయన పలువిధాల జవాబులు సిద్ధం చేసుకొని ఉన్నాడు. శాస్త్రం అడుగుతారు, ఆచారం అడుగుతారు, కళ్ళ సంగతి అడుగుతారు. ఈ ప్రశ్న ఆ జాబితాలో లేదు.

"అది నాకు తోచలేదు తల్లీ," అన్నాడు.

ఇదంతా వింటున్న ధర్మకర్త స్థితి వేరు. ఊకైతే గీకవచ్చు. సయాడో అయితే గీకరాదు. ఆడమనిషి పిసికిన ముద్దను మఠంలోకి తీసుకుపోరాదు. సయాడో ఉన్న ముద్దను మఠం బయట విడిచిపెట్టరాదు. ఆయన ఈ నాలుగు మాటలనూ పైకే ఒకసారి అనుకున్నాడు. వ్రేళ్ళు ముడుస్తూ మరొకసారి అనుకున్నాడు.

"సయా, నన్ను మంచి చోట నిలబెట్టారయ్యా. ముందుకెళ్తే పాపం, వెనక్కెళ్తే మహాపాపం."

"అయితే కూర్చో. కాస్త టీ తాగు."

"టీయా! నా కత్తి మీద సయాడో గారుండగా టీ ఎలా దిగుతుందయ్యా?"

ముగ్గురూ పీటవైపు చూశారు. ఏనుగు చెవి ముక్క కత్తి అలుగుమీద అలాగే ఉన్నది. ఊ లూన్ పే తలపాగా గుడ్డను నాలుగు మడతలు పెట్టి, ముక్కను అందులోకి జార్చుకొని, గుడ్డను నడినెత్తిమీద పెట్టుకున్నాడు. నడుముకంటె క్రింద అలాంటి వస్తువును పట్టుకోవడం ఆయనకు చేతకాని పని. అలా నెత్తిమీద చేయి ఆనించుకొని, పనిశాల అంతా రెండుసార్లు తిరిగాడు. నవ్వవలసిన దృశ్యమే. ఎవరూ నవ్వలేదు.

"దీన్ని మళ్ళీ అతకాలి," అన్నాడు ఆఖరుకు. "ఎవరు అతుకుతారు? మీరా?"

ఊ చాన్ థా రెండు చేతులూ ముందుకు చాపాడు. గాలిలో ఆ వ్రేళ్ళు వానకు ఆకుల్లా కదిలినవి.

"పక్క వీధిలో..."

"పక్క వీధిలో వాడికి ఏం చెప్పి ఇస్తావ్? ఇది ఏంటంటే ఏమంటావ్?"

ఊ లూన్ పే మళ్ళీ ఒక చుట్టు తిరిగాడు. తరువాత మ్యా యీ ముందు ఆగి, నెత్తిమీది గుడ్డను దించి, రెండు చేతులా చాచాడు. ఆమె ముఖంలోకి చూడలేదు.

"అమ్మాయ్. నాకు శాస్త్రం తెలీదు. నాకు తెలిసిందల్లా, విరగ్గొట్టింది నేను, అతకగలిగింది నువ్వు. చేస్తావా?"

ఆమె వెంటనే చేయి చాచలేదు. పెదనాన్న ఏదైనా అంటాడేమో అని ఒక క్షణం చూసింది. ఆయన నేలమీది చుట్టకోసం తడుముకుంటున్నాడు. ఈసారి తాను కల్పించుకోరాదని ఆయనకు తెలిసినట్లున్నది.

మ్యా యీ పెరట్లోకి వెళ్ళి మోచేతులదాకా కడుక్కొని వచ్చింది. జుట్టు బిగించి ముడి వేసింది. పెట్టె ముందు మోకరిల్లి, మూడుసార్లు మ్రొక్కింది. ఇన్నాళ్ళూ ఆమె ఆ పెట్టెకు ఒక్కసారి కూడా మ్రొక్కలేదు. ఆ మీదట ధర్మకర్త చేతిలోని గుడ్డనుంచి ముక్కను రెండు వ్రేళ్ళతో ఎత్తింది.

గోరంత ముక్క. పుల్ల మొనతో చెట్టుపాలు ఒక చుక్క ఏనుగు మెడమీద పెట్టి, దానిమీద ముక్కను ఆనించి, బొటనవ్రేలితో నొక్కి పట్టుకున్నది. నొక్కిన చోట పట్టు దొరికేవరకు వ్రేలు తీయరాదు. అరగంటసేపు ఆమె అలాగే ఉన్నది. ఆమె ఏమి అనుకున్నదో మనకు తెలియదు. ఒకసారి పెదవులు కదిలినవి.

వ్రేలు తీశాక అతుకు కనిపించలేదు. ఊ లూన్ పే వంగి చూశాడు.

"కొత్త సయాడో గారికి నేను చెబుతాను. అంతా చెబుతాను, కళ్ళ సంగతీ, జాడీల సంగతీ. వాళ్ళు ఏమంటే అది. కాదంటే పెట్టె నా నెత్తిన పెట్టుకుని మళ్ళీ ఇక్కడికే తెస్తాను. బంగారం మాత్రం వాళ్ళు సరేనన్నాకే." లేవబోతూ, బొద్దుమనిషికి సహజమైన ఆయాసంతో ఆగాడు. "మిగిలిన ముద్ద కూడా ఇచ్చెయ్ అమ్మాయ్. దాన్నీ వెంట తీసుకెళ్ళాలి. ఒక్క రవ్వ కూడా బయట ఉండకూడదు."

మ్యా యీ పుల్లను గుడ్డతో తుడుస్తూ ఉండిపోయింది.

"మిగిలే ఉంటుంది కదా? అరిటాకులో చుట్టి పెడతావు కదా ఎప్పుడూ?" అన్నాడు ఊ చాన్ థా.

"మిగిలింది," అన్నది ఆమె. "నిమ్మకాయంత మిగిలింది."

"ఏది మరి?"

"ఊకే కదా అనుకున్నాను పెదనాన్నా. మూడు రోజుల కింద కొయ్యబొమ్మలు ఆడించే కో సాన్ ట్వే వచ్చాడు. ఒక బొమ్మ తల పగిలింది, ఏదైనా పూడ్చి పెట్టమ్మా అన్నాడు. పాపం, ఆట దగ్గర పడిందన్నాడు. పూడ్చేసి, మిగతాదాంతో కోరలూ కనుబొమలూ కూడా దిద్ది ఇచ్చాను."

"ఎవరి తల?" అన్నాడు ధర్మకర్త. ఆయనకు జవాబు అప్పటికే సగం తెలిసిపోయింది. కోరలు ఎవరికుంటాయి? "ఏ బొమ్మ తలే?"

"రాక్షసుడిది. ప్రతి ఆటలోనూ రాకుమారుడు గదతో మొదట కొట్టేది ఆ తల మీదే." ఆమె కిటికీలోనుంచి ఏటి వైపు చూసింది. "వాళ్ళ పడవ పొద్దున్నే ఏటి దిగువన ఉన్న పకోక్కు ఊరికి వెళ్ళిపోయింది. ఆట ఎల్లుండి."

తెలియక చేసిన మంచినీ తెలిసి చేసిన దిద్దుబాటునూ ఆ వాగ్దేవి ఒక్క చూపుతో కరుణించుగాక. ఈ కథ చదివినవారి ఇండ్లలోను, చదువగా విన్నవారి ఇండ్లలోను, పెద్దల కన్ను చల్లగాను, పిల్లల చేయి స్థిరంగాను ఉండుగాక.